ఉప్పుగాలిలో కేబుల్ లైను

కేబుల్ కంపెనీ నడపడమంటే ఛానళ్లు అమ్ముకోవడమని చాలామంది అనుకుంటారు. నెల్లూరు కోస్తాలో ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నవాడిగా నా లెక్క వేరు. మా దగ్గర జనం డబ్బులిచ్చింది లైను బాగుచేసే మనిషికి. ఛానళ్లు ఆకాశం నుంచి అందరికీ ఒకేలా దిగుతాయి. వాటిని గాలికీ ఉప్పుకీ వదిలెయ్యకుండా ఇంటి గోడ దాకా చేర్చాలంటే మాత్రం ఊళ్లో ఉండేవాడే కావాలి.

మాది అల్లూరు. ఊరు దాటి తూర్పుకు పోతే వరిమళ్లు, ఆ తర్వాత రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలవ, ఇసకపల్లి ఉప్పుకొఠార్లు, జాలర్లుండే పట్టపుపాలేలు, ఆపైన సముద్రం. తూర్పుగాలి తిరిగిందంటే ఆ ఉప్పంతా తీగెల మీదే. ఊరి మధ్యలో ఏళ్ల తరబడి నిలిచే ఎఫ్ కనెక్టరు పాలెంలో ఒక్క వానాకాలం దాటితే గొప్ప. పైకి ఏమీ కనపడదు. నట్టు విప్పి చూస్తే రాగి కొసకు పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. దాని చుట్టూ ఉండే అల్యూమినియం జాలీ తెల్లటి పిండైపోయి, వేలు తగిలితే రాలిపోతుంది. బయటి రొదను లోపలికి రానివ్వకుండా ఆపేది ఆ జాలీయే. అది పోతే పక్క చేలో మోటారు వేసినప్పుడల్లా టీవీలో గీతలు.

మరమ్మతు చిన్నదే, కానీ ఓపిక కావాలి. చెడిన భాగాన్ని జానెడు కోసి పారెయ్యాలి. పైతొక్క ఒలిచి, మంచి జాలీని వెనక్కి మడవాలి. లోపలి తెల్లటి పొరను కోసేటప్పుడు బ్లేడు రాగి మీద గాటు పెట్టకూడదు. గాటు పడ్డ తీగె గాలికి ఊగీ ఊగీ అక్కడే తెగుతుంది. గోరంత రాగి బయటికి ఉంచి, కనెక్టరు ఎక్కించి, ప్లయరుతో నొక్కి, గ్రీజు పూసి, రబ్బరు టేపు సాగదీసి చుట్టాలి. ఆ టేపును కింది నుంచి పైకి చుట్టాలి. పైనుంచి కిందికి చుడితే మడతల్లోకి వాన నీళ్లు దిగుతాయి. కనెక్టరుకు ముందు కేబుల్‌ని కిందికి ఒక వంపు వదిలితే నీటిబొట్టు అక్కడే జారిపోతుంది. పనిలోకి వచ్చిన ప్రతి కుర్రాడికీ నేను మొదట నేర్పింది ఈ వంపే.

కేబుల్ రాకముందు నేను రేడియో, టీవీ మెకానిక్‌ని. సాలిడేర్, డయనోరా, ఇ.సి. టీవీలు నా బల్ల మీదికి వచ్చేవి. మద్రాసు దూరదర్శన్ అందుతుందేమోనని పొడుగాటి ఇనప గొట్టాలకు ఏంటెన్నాలు కట్టి మిద్దెల మీద నిలబెట్టేవాళ్లం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఆ గొట్టాలన్నిటినీ పడుకోబెట్టింది. పెళ్లికో పండక్కో కలర్ టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి తెల్లవార్లూ మూడు సినిమాలు వేయించుకోవడం అప్పటి వినోదం. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధాన్ని పెద్ద హోటళ్లలో సీఎన్‌ఎన్ ద్వారా చూశారని పేపర్లలో చదివాం. అదే ఏడాది ఆసియాశాట్-1 మీద స్టార్ టీవీ వచ్చింది. వీడియో లైబ్రరీ నడిపే ఒకాయన, రొయ్యల గుంటలున్న ఒకాయన, నేను, ముగ్గురం కలిశాం. ఒకాయన దగ్గర క్యాసెట్లున్నాయి, ఇంకొకాయన దగ్గర డబ్బుంది, నా చేతిలో పనుంది. కంపెనీ అంటే అప్పటికి అంతే.

పన్నెండడుగుల జాలీ డిష్షు మద్రాసు నుంచి ముక్కలుగా వచ్చింది. ఆసియాశాట్ 105.5 డిగ్రీల తూర్పున భూమధ్యరేఖ పైన ఉంటుంది. మా ఊరి నుంచి చూస్తే తూర్పుకు కాస్త దక్షిణంగా, నేల నుంచి 56 డిగ్రీల ఎత్తున. అంటే డిష్షు ముఖం నేరుగా సముద్రం వైపు. దిక్సూచి పట్టుకుని, కోణమానినికి దారం, గుండు కట్టి ఎత్తు చూసుకుని, చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీని మిద్దె మీద పెట్టుకుని కూర్చున్నాం. ఒకరు డిష్షు తిప్పడం, ఇంకొకరు ‘కొంచెం... కొంచెం... ఆగు’ అని అరవడం. తెర నిండా చుక్కలు. ఆ చుక్కల వెనకాల మనిషి ఆకారం కదిలేసరికి మా వాళ్లు వేసిన కేకకు వీధిలో జనం పోగయ్యారు. 36 వేల కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చిన సంకేతం అల్లూరు మిద్దె మీద బొమ్మ కట్టింది. ఆ సంతోషం ఇప్పటికీ నాకు తగ్గలేదు.

ఏటా మార్చిలో ఒకసారి, సెప్టెంబరు చివర్లో ఒకసారి, కొన్ని రోజులపాటు సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం వెనక్కి వస్తాడు. సూర్యుడి రొదలో సంకేతం మునిగిపోతుంది. పొద్దున పదింటి ప్రాంతంలో కొద్ది నిమిషాలు బొమ్మ పోయి దానంతటదే వస్తుంది. మొదటిసారి అది జరిగినప్పుడు యాంప్లిఫయర్లన్నీ విప్పి చూశాం. తర్వాత నుంచి ఆ రోజుల్లో ముందే స్క్రోలింగ్ వేసేవాళ్లం.

నిజం చెప్పాలంటే మొదటి మూడేళ్లు జనం కట్టిన నెల రుసుం విదేశీ ఛానళ్ల కోసం కాదు. 1992 అక్టోబరులో జీ, 1993 ఏప్రిల్‌లో సన్ వచ్చాయి. మద్రాసుకు చేపలు పంపే పాలేల్లో అరవం తెలిసినవాళ్లున్నారు, వాళ్లు సన్ చూశారు. మిగతా ఊరికి కావలసింది కంట్రోల్ రూములో మేం వీసీఆర్ మీద వేసే తెలుగు సినిమా. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. 1995లో జెమిని, అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ మొదలయ్యాకే అసలు కేబుల్ వచ్చినట్టు. అప్పటిదాకా ‘మాకెందుకబ్బయా’ అన్న పెద్దవాళ్లు కూడా మనుషుల్ని పంపి లైను అడిగారు. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల చట్టం కూడా 1995దే. దాని కింద అప్పట్లో ఆపరేటరు రిజిస్ట్రేషన్ హెడ్ పోస్టాఫీసులో జరిగేది. ఏటా రెన్యువల్ ఉండేది. దూరదర్శన్ ఛానళ్లు తప్పనిసరిగా ఇవ్వాలి. ఇంటింటికీ తిరిగే మా పనిని ఇంటింటికీ తిరిగే శాఖకే అప్పగించడం నాకు సరైన ఏర్పాటుగానే తోచింది.

లైను ఊరు దాటించడంలో అసలు కష్టం తెలిసింది. కోయాక్సియల్ కేబుల్లో సంకేతం పోనుపోను సన్నబడుతుంది. మధ్యమధ్య యాంప్లిఫయరు పెట్టి పెంచాలి. అది బొమ్మతోపాటు రొదను కూడా పెంచుతుంది, పైగా తనదింత కలుపుతుంది. వరసలో ఆరేడు దాటేసరికి తెర మీద దోమలు ముసిరినట్టు ఉంటుంది. అందుకని పాలేల్లో ఇళ్లు ఎన్నున్నా లైను ఎంత దూరం లాగాలన్నది యాంప్లిఫయర్లే నిర్ణయించేవి. ఆ యాంప్లిఫయరుకు కరెంటు కావాలి. దారిలో ఒక ఇల్లు చూసుకుని, వాళ్ల ప్లగ్గులో పెట్టుకుని, ఆ ఇంటికి కనెక్షను ఉచితంగా ఇచ్చేవాళ్లం. ఆ ఇంటివాళ్లు ఊరికి పోతూ మెయిన్ ఆపేశారంటే అవతల ఇళ్లన్నిటికీ బొమ్మ పోయేది. పెళ్లికి పోతున్నా, ఆస్పత్రికి పోతున్నా ముందు మాకు చెప్పి పోయేవాళ్లు. తాళంచెవి కూడా ఇచ్చిపోయిన ఇళ్లున్నాయి.

అనలాగ్ రోజుల్లో బొమ్మే జబ్బు చెప్పేది. చుక్కలుంటే సంకేతం బలహీనపడింది. మనిషి పక్కన నీడలా రెండో బొమ్మ కనపడితే లైను చివర టెర్మినేటరు ఊడింది, సంకేతం తిరగ్గొట్టి వెనక్కి వస్తోంది. అడ్డంగా లావుపాటి పట్టీ మెల్లగా పైకి పోతుంటే పవర్ సప్లయిలో కెపాసిటరు ముసలిదైంది. ‘బొమ్మ సరిగా లేదు’ అని ఫోనొస్తే, ‘ఏముందక్కా, చుక్కలా, గీతలా, నీడా?’ అని అడిగేవాణ్ని. జవాబును బట్టి ఏ స్తంభం దగ్గరికి పోవాలో తెలిసిపోయేది. కొన్నాళ్లకు ఆడవాళ్లే మాకంటే బాగా చెప్పేవాళ్లు. ‘నీడ అన్నా, నిన్నటి గాలికి మా వీధి చివర ఏదో ఊడుంటుంది చూడు’ అని.

కోస్తా డబ్బు నిలకడ లేనిది. తొంభైల మొదట్లో రొయ్యల సాగు ఊపందుకుంది. గుంటల కాపలా గుడిసెలకు కూడా లైను అడిగారు. 1994, 95ల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలకు గుంటలు ఖాళీ అయ్యాయి. 1996 డిసెంబరులో కోస్తా రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కలర్ టీవీ కొన్న ఇళ్లలోనే నెల రుసుం ఆగిపోయింది. మా భాగస్వామి కూడా ఆ దెబ్బ తిన్నవాడే, తన వాటా మాకిచ్చేసి పక్కకు తప్పుకున్నాడు. బాకీ పడ్డ ఇళ్లకు లైను కొయ్యాలా వద్దా అని మేం చాలా రోజులు వాదించుకున్నాం. కొయ్యలేదు. మళ్లీ చేతిలో డబ్బు ఆడినప్పుడు వాళ్లు పాత బాకీతో సహా కట్టారు. కోస్తాలో వ్యాపారం చేసేవాడు ఏడాది లెక్క చూసుకోవాలి, నెల లెక్క చూస్తే బతకలేడు.

పట్టపుపాలేల పద్ధతి వేరు. అక్కడ కనెక్షను ఇంటితో కాదు, ఊరితో మాట్లాడుకోవాలి. పెద్దలు కూర్చుని దురాయి పెట్టారంటే అది అందరికీ కట్టుబాటు. నెలకింతని, ఫలానా రోజున ఇవ్వాలని, స్తంభానికి పడవ తాడు కట్టకూడదని, అన్నీ అక్కడే తేలేవి. డబ్బు ఒకే చేతి నుంచి వచ్చేది. వేటకు విరామం ఉండే రోజుల్లో, ఇప్పుడది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, వసూలుకు పోకూడదన్నది మా వైపు మాట. లైను ఆపకూడదన్నది కూడా. పడవలు మళ్లీ దిగి మొదటి అమ్మకాలయ్యాక వాళ్లే కబురు పెట్టేవాళ్లు. ఈ ఒప్పందాలకు కాగితం లేదు. తర్వాతి కాలంలో ప్రతి కనెక్షనుకు ముందస్తు రుసుం కట్టించుకునే కంప్యూటరు పద్ధతి వచ్చినప్పుడు, మా పాలేల ఏప్రిల్-జూన్ లెక్క అందులో ఏ గడిలోనూ పట్టలేదు. ఆ రెండు నెలలు మేమే చేతి నుంచి కట్టుకుంటూ వచ్చాం.

లోకల్ ఛానల్ గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. ఒక కెమెరా, ఒక మిక్సరు, రెండు లైట్లు. గుడి తిరునాళ్లు, బడి వార్షికోత్సవం, వడ్ల ధరలు, తప్పిపోయిన గేదె ప్రకటన. మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండగను చూపిస్తే, పోలేని ముసలివాళ్లు టీవీ ముందే కూర్చునేవాళ్లు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె మార్చుకునే జనంలో తమవాళ్లు ఎవరైనా కనపడతారేమోనని ప్రతి ఇల్లూ చూసేది. పెద్ద ఛానళ్లు అన్ని హంగులతో చూపించినా, మన ఊరి మనిషి ముఖం మీద కెమెరా ఒక్క క్షణం ఎక్కువ ఆపడం లోకల్ ఛానల్‌కే చేతనవుతుంది.

2004 డిసెంబరు 26 ఆదివారం. పొద్దున సముద్రం పాలేల్లోకి వచ్చింది. సునామీ అనే మాట అప్పటికి మాలో ఎవరికీ తెలియదు. మద్రాసు మెరీనా బీచి దృశ్యాలు వార్తా ఛానళ్లలో వస్తున్నాయి, కానీ మావాళ్లకు తెలియాల్సింది మా తీరం సంగతి. సినిమా ఆపేసి లోకల్ ఛానల్లో అక్షరాలు పెట్టాం. ఏ బడిలో పునరావాసం, ఎక్కడ భోజనం, ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఏ కబురు, మళ్లీ అల వస్తుందన్న పుకారుకు ఏం జవాబు, దొరికిన ప్రతి మాటా సరిచూసుకుని వేశాం. కొట్టుకుపోయిన లైను సంగతి వారం దాకా ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత పాలెం పెద్దలే సరుగుడు గుంజలు ఇచ్చి, ‘లైను లాగండి, తుపాను కబురు తెలియాల గదా’ అన్నారు.

పే ఛానళ్లు పెరిగాక మా వ్యాపారం స్వభావమే మారింది. డీకోడరు, కార్డు, ఒప్పందం. నీకెన్ని కనెక్షన్లున్నాయో చెప్పు అని వాళ్లు, ఇన్నే అని మేము. వాళ్లకు నమ్మకం లేదు, మాకు మీటరు లేదు. 2004 జనవరిలో ఈ రంగం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కిందికి వచ్చింది. 2003 డిసెంబరు 26 నాటి ధరల దగ్గర రుసుములు ఆపెయ్యమని ఆ సంస్థ ఆదేశించింది. ఒక్కొక్కరం విడిగా బేరమాడలేక, చుట్టుపక్కల చిన్న ఆపరేటర్లం కలిసి నెల్లూరు నుంచి ఫైబరు మీద ఫీడు తెచ్చుకున్నాం. మిద్దె మీద డిష్షులు ఒక్కొక్కటే దిగిపోయాయి. ఖర్చు తగ్గింది, బొమ్మ బాగుపడింది. కానీ ఏ ఛానల్ ఏ నంబరు మీద రావాలన్న నిర్ణయం ఊరు దాటిపోయింది.

గొడుగు డిష్షుతో నేరుగా ఇంటికే ఛానళ్లిచ్చే డీటీహెచ్ మా కళ్లెదుటే పైకి లేచింది. 2006 జులై 10న శ్రీహరికోట నుంచి ఇన్‌శాట్-4సీని మోసుకెళ్లిన జీఎస్‌ఎల్‌వీ బంగాళాఖాతం మీద విఫలమైంది. డీటీహెచ్ కోసం 12 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లున్న ఉపగ్రహం అది. దాని బదులు 2007 సెప్టెంబరు 2 సాయంత్రం ఇన్‌శాట్-4సీఆర్ వెళ్లింది. మా వ్యాపారానికి పోటీ తెచ్చే ఉపగ్రహమని తెలుసు. అయినా రాకెట్ విజయవంతమైందని టీవీలో చెప్పగానే మా కంట్రోల్ రూములో అందరం చప్పట్లు కొట్టాం. శ్రీహరికోట అప్పట్లో మా జిల్లాదే, ఆ గర్వం వేరు. కేయూ బ్యాండ్‌కు ఒక బలహీనత ఉంది. దట్టమైన వాన పడితే నీటిబొట్లు ఆ తరంగాలను మింగేస్తాయి, బొమ్మ ఆగిపోతుంది. పెద్ద డిష్షు మీద వచ్చే సీ బ్యాండ్ అంత తేలిగ్గా లొంగదు. నవంబరు వానల్లో, వాతావరణ కబురు కావాలని అందరూ టీవీ పెట్టే గంటలో, కరెంటు ఉన్నంతసేపూ కేబుల్లో బొమ్మ ఉండేది. గొడుగు డిష్షు పెట్టుకుని వెళ్లిన ఇళ్లు కొన్ని తిరిగొచ్చింది ఆ కారణంతోనే.

డిజిటలైజేషన్ నాలుగో దశ మా పల్లెలకు. మొదట 2016 డిసెంబరు 31 గడువన్నారు, తర్వాత 2017 మార్చి 31. ప్రతి టీవీకీ సెట్‌టాప్ బాక్సు. వందల ఛానళ్లు, శుభ్రమైన బొమ్మ. కానీ డిజిటల్లో జబ్బు చెప్పే బొమ్మ లేదు. ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే ముక్కలై ఆగి ‘నో సిగ్నల్’ అంటుంది. చుక్కలా, నీడా అని అడిగే అవకాశం పోయింది. మీటరు పట్టుకుని స్తంభం స్తంభానికీ ఎక్కాల్సిందే.

2019 ఫిబ్రవరి 1 నుంచి కొత్త ధరల విధానం. అప్పట్లో వంద ఛానళ్లకు 130 రూపాయలు, జీఎస్టీతో కలిపి 153 రూపాయల 40 పైసలు. పే ఛానళ్లకు విడిగా. నీకు కావలసిందే కొనుక్కో అన్నది మంచి ఆలోచనే. అమలు మాత్రం ఫారాలు పట్టుకుని గడప గడపకూ తిరిగిన మా కుర్రాళ్ల మీద పడింది. ‘సీరియల్ వచ్చేది పెట్టబ్బయా, మిగతావి నాకెందుకు’ అనే అవ్వకు ఏ ప్యాకేజీ అవసరమో కాగితం మీద ఉండదు. ఆమె సాయంత్రాలు ఏం చూస్తుందో తెలిసినవాడే ఆ గడులు నింపగలడు. ఆ నెలలో మా కంపెనీ నిలబడింది ఆ ఎరుక మీదే.

ఈలోగా 2017 డిసెంబరు 27న ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మొదట్లో 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను. కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు ఊరూరికీ వచ్చింది. దాన్ని కొంతమంది ఆపరేటర్లు పోటీగా చూశారు, కొంతమంది దాని కిందే చేరారు. మేం సొంత ఫైబరు లాక్కుని ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టాం. 2020లో కరోనా లాక్‌డౌన్ రాగానే బడిపిల్లలున్న ప్రతి ఇల్లూ లైను అడిగింది. మార్చి 28న దూరదర్శన్ మళ్లీ రామాయణం వెయ్యడంతో మూలపడ్డ బాక్సులు కూడా బయటికొచ్చాయి. వసూళ్లు మాత్రం నెలల తరబడి లేవు.

ఇప్పుడు టీవీ కనెక్షన్లు ఏటేటా తగ్గుతున్నాయి. ఫోను చేతిలో ఉన్న కుర్రాడికి కేబుల్ అవసరం లేదు, అతన్ని తప్పుపట్టను. కానీ ఆ ఫోనుకు వైఫై ఇచ్చే ఫైబరు కూడా మా సరుగుడు గుంజల మీదుగానే పోతోంది. గాజుతీగెకు చిలుము పట్టదన్నది నిజం. దాన్ని మోసే ఇనప తీగెకు పడుతుంది, బిగించే క్లాంపుకు పడుతుంది. పెట్టె మూత సరిగా పడకపోతే ఉప్పుపొడి కనెక్టరు మొన మీద చేరుతుంది, అక్కడ వెంట్రుక మందం మురికి చాలు వెలుతురు ఆగిపోవడానికి. స్పిరిటుతో తుడవడం, మళ్లీ పెట్టడం. 2023 డిసెంబరు మొదట్లో మిగ్‌జాం తుపాను మా తీరాన్ని రాసుకుంటూ పోయి బాపట్ల దగ్గర దాటింది. సరుగుడు తోటలు లైను మీద పడ్డాయి. కాలవకట్ట వెంబడి మోకాలి లోతు బురదలో స్ప్లైసింగ్ మిషనును నెత్తిన పెట్టుకుని పోయి, టార్పాలిన్ కప్పుకుని ఒక్కొక్క పోగూ అతికించాం.

ఆ పని చేసినవాళ్లలో ఇద్దరు పాలెం కుర్రాళ్లే. ఒకడు పడవ మీద పెరిగినవాడు, గాలి ఏ వైపు తిరుగుతుందో మాకంటే ముందు చెబుతాడు. వాళ్ల సలహా మీదే కాలవ అవతలి జంక్షను పెట్టెలను గాలిమొహం నుంచి పడమటి పక్కకు తిప్పుతున్నాం, ఇనప క్లాంపుల స్థానంలో స్టెయిన్‌లెస్ వేస్తున్నాం. సగం స్తంభాలయ్యాయి. మిగతావి ఈశాన్య రుతుపవనాలు రాకముందే కావాలి.